గిరిరాజా పెట్టలు, మామ పుంజు

జూన్ 3

మామ ఈరోజు కూడా నాతో మాట్లాడలేదు. పుంజుతో మాత్రం బాగా మాట్లాడాడు. "ఏం దొరా, రాత్రి నిద్ర పట్టిందా? దోమలు కుట్టినాయా?" అని. నన్నూ దోమలు కుట్టాయి. నన్నెవరూ అడగలేదు.

డైరీ రాస్తే మనసు తేలికవుతుందని టీవీలో ఒక డాక్టరమ్మ చెప్పింది. రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

జూన్ 5

కొళాయి దగ్గర పక్కింటి హుసేనమ్మత్త, కొత్తగా అద్దెకొచ్చినామెకు మా ఇంటి కథ చెబుతుంటే వెనక నిలబడి విన్నాను.

"ఆ పాప మొగుడు వీరేష్ అని, ఆదోని రోడ్డులో బండి మింద పోతా పోతా పాయ. సెప్టెంబరొస్తే ఏడాది. పిల్లాజెల్లా లేరు. మామ ఉరుకుందప్ప ముందర మగ్గం నేస్తాండె, ఇప్పుడు నేయడు. ఇంట్లో ఇద్దురే ఉంటారు, ఒక మాట ఉండదు. ఆ పాప జాకెట్లు కుట్టుకుంటాది. ఎన్నాళ్లుంటాదో ఏమో."

రెండు బిందెలు నిండేలోపల కథ అయిపోయింది. నా బతుకు రెండు బిందెలంత ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఇంకా పెద్దదనుకున్నాను.

ఎన్నాళ్లుంటాదో. మామ మనసులో ఉన్నదీ అదే. అడగలేక మూగనోము పట్టాడు. అడిగితే చెప్పేదాన్ని, చేతిలో ఉన్న జాకెట్లు అయిపోగానే పుట్టింటికి, గోనెగండ్లకు వెళ్లిపోతానని. పోయిన ఏడాది నుంచీ చేతిలో జాకెట్లు అయిపోవడం లేదు. ఎమ్మిగనూరులో ఆడవాళ్లు ఎక్కువ.

జూన్ 11

గొప్ప ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వస్తే గొప్పదే వస్తుంది, చిన్నవి రావు.

మా నల్లపెట్ట నాటుది. బాగా పొదుగుతుంది, పిల్లల్ని బాగా తిప్పుతుంది. కానీ గుడ్లు పెట్టమంటే అలుగుతుంది. ఫారం జాతి గిరిరాజా పెట్టలు గుడ్లు దండిగా పెడతాయి. కానీ పొదగవు, పిల్లి వస్తే చుట్టం వచ్చినట్టు నిలబడి చూస్తాయి. మామ పుంజు పేరు దొర, పందెం జాతి కోడి. మెడ ఎత్తితే నా నడుము దాకా వస్తుంది. కుక్కను కూడా తరుముతుంది.

ఈ మూడూ కలిస్తే? గిరిరాజా మాదిరి గుడ్లు పెట్టి, నల్లపెట్ట మాదిరి పొదిగి, దొర మాదిరి పిల్లిని తరిమే కోడి. దాని పేరు కూడా పెట్టేశాను, నా పేరు కలిపి, స్వప్నరాణి. గిరికి రాజా ఉన్నప్పుడు స్వప్నకు రాణి ఎందుకుండకూడదు?

ఈ పని అయ్యేదాకా గోనెగండ్ల ప్రయాణం ఆపుకోక తప్పదు.

జూన్ 14

ఆదోని పోయి మూడు గిరిరాజా పెట్టల్ని తెచ్చాను. గంపకు వల కట్టి, బస్సులో వెనక సీటులో పెట్టుకున్నాను. కండక్టరు "యాడికమ్మా, పెండ్లికా?" అని నవ్వాడు. "అవునన్నా, పెండ్లికే" అన్నాను. పెళ్లికొడుకు ఒప్పుకోవాలి గానీ.

దారిలో ఆ మలుపు దగ్గర కిటికీ వైపు తిరగలేదు. కోళ్లకు దాహమేస్తుందేమోనని గంపలోకి చూస్తూ కూర్చున్నాను. ఊరొచ్చేదాకా గంపలోకే చూశాను. కోళ్లు కూడా నన్నే చూశాయి.

జూన్ 15

మామ పెట్టల్ని చూశాడు. నాతో ఏమీ అనలేదు. గోడ దగ్గరికి పోయి, నాకు వినపడేలా హుసేనమ్మత్తతో అన్నాడు.

"ఎవురన్నా ఆ బాయిలర్ మొగం పెట్టల్ని నా పుంజు దాపుకు తోలితే బాగుండదు, సెప్తాండా. దొర వంశం యాడ, ఇవి యాడ?"

"నాకెందుకు సెప్తావప్పా? నా ఇంట్లో మేకలుండాయి" అందామె.

మామ తరఫు కబురు నాకు అందింది. జవాబు కూడా గోడ మీదుగానే పంపాలనుకున్నాను. ఆమె మేకల్ని కట్టేయడానికి వెళ్లిపోయింది.

జూన్ 17

పొద్దున్నే మామ టీ కొట్టుకు పోతాడు. పోగానే దొర గూడు తలుపు తీసి పెట్టల్ని పెరట్లోకి వదిలాను. పెళ్లయిన కొత్తలో వీరేష్‌తో ఆదోనిలో సినిమాకు పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

దొర రెక్క విదిలించి, ఒక కాలి మీద ఠీవిగా, మూడింటిలో పెద్దపెట్ట చుట్టూ తిరిగాడు. పెద్దపెట్ట నూకలు తింటోంది. తల ఎత్తకుండానే ఒక్క పోటు పొడిచింది. దొర పోయి తులసికోట వెనక నిలబడ్డాడు.

కుక్కను తరిమే పుంజు. స్వప్నరాణి వంశానికి ఇదీ నాంది.

జూన్ 18

ఈరోజు కూడా తులసికోట వెనకే.

జూన్ 22

మామ టీకి చాలాసేపు పడుతోంది ఈ మధ్య. మంచిదే.

దొరకు ధైర్యం వచ్చింది. వివరాలు రాయను. డైరీ అయినా మర్యాద ఉండాలి.

జూలై 4

నల్లపెట్ట కొంగరించుకుని కూర్చుంది, పొదుగుకు. ఎక్కడనుకుంటున్నారు? (ఎవరు అనుకుంటున్నారు? చదివేది నేనొక్కదాన్నే.) ముందు గదిలో మామ మగ్గం గుంతలో. మామ కాళ్లు పెట్టుకుని నేసిన గుంత. ఏడాదిగా దాని మీద పలక మూసి ఉంది. పలక పక్కన సందు చేసుకుని దిగిపోయింది. ఇల్లంతా వదిలి ఆ గుంతే దొరికింది దానికి.

గిరిరాజా గుడ్లన్నీ దాని కిందే పెట్టాను. మామ వచ్చి చూశాడు. ఇప్పుడు తిడతాడు, తిట్టినా మాటే కదా అనుకున్నాను. గుంతలోకి తొంగిచూసి, బయటికి పోయి, ఒక చిన్న గోనెపట్ట తెచ్చి పలక సందుకు అడ్డం కట్టాడు, గాలి తగలకుండా. నా వైపు చూడకుండానే పోయాడు.

నల్లపెట్ట అంటే ఇష్టమేమో ఆయనకు.

జూలై 13

మద్దిలేటన్న వచ్చాడు గోనెగండ్ల నుంచి. అమ్మ బెల్లం, శనక్కాయలు పంపింది. అన్న వచ్చిన పని వేరే. బెల్లం దానికి పైన ముసుగు.

"మే స్వప్నా, ఎన్నాళ్లు ఈడ? రా, పోదాం. పెద్దకడుబూరులో ఒకాయప్ప ఉండాడు, అయ్యన్న అని. బోరు మోటార్లు బాగుసేస్తాడు. పెండ్లాము పోయి మూడేండ్లాయ. మంచోడు. ఒకతూరి సూడు."

"కోడి పొదుగులో ఉందన్నా."

"ఏంది?"

"ఇప్పుడు కదిలితే గుడ్లు మురిగిపోతాయి."

అన్న నన్నూ, మగ్గం గుంతనూ మార్చి మార్చి చూశాడు. "పొదిగేది కోడి కదమ్మే? నువ్వు కాదు గదా?" అన్నాడు.



జూలై 26

పిల్లలు! ఎనిమిది. రెండు గుడ్లు మురిగాయి. నేను కదలకపోయినా మురిగాయి.

జూలై 30

పిల్లల కాళ్లు చూస్తే భయమేస్తోంది. ఒక్కొక్కటి పొరక పుల్లలంత పొడవు. దొర కాళ్లే. ఎవరైనా చూసి ఇట్టే చెప్పేస్తారు, తండ్రి ఎవరో. హుసేనమ్మత్త గోడ మీదుగా చూసి "అయ్యో, దొర నోట్లోంచి ఊడిపడినాయి గదే!" అని గట్టిగా అంది. మామ అక్కడే ఉన్నాడు. టవల్ భుజాన వేసుకుని టీకి పోయాడు.

సాయంత్రానికి గుంత పక్కన మూకుడులో కొర్రలు, మెత్తగా విసిరినవి. హుసేనమ్మత్త పెట్టి ఉంటుంది. వాళ్లింట్లో కొర్రలు వండరు. అయినా ఆమే పెట్టి ఉంటుంది.

ఆగస్టు 19

స్వప్నరాణుల గురించి నిజం రాసుకోవాలి.

తిండి గిరిరాజాది. కోపం దొరది. తెలివి ఎవరిదో తెలియదు, మూడువైపులా వెతికినా దొరకలేదు. నిన్న పిల్లి గోడ మీదికి వచ్చింది. ఎనిమిదీ ఒకదానినొకటి పొడుచుకుంటున్నాయి, పిల్లిని చూడలేదు. పిల్లి కాసేపు కూర్చుని చూసింది. తన అన్నదమ్ముల కొట్లాట గుర్తొచ్చిందో ఏమో, వెళ్లిపోయింది.

పశువుల ఆసుపత్రిలో కొక్కెర తెగులు రాకుండా వేసే చుక్కలు అడిగి తెచ్చి, అన్నిటికీ కంట్లో వేశాను. చేతుల నిండా గోళ్ల గీతలు. దొరకు కూడా వేద్దామని గూటి దగ్గరికి పోతే మామ అడ్డం నిలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టాడు, అంతే. జాతి కోడికి మందులేమిటని ఆయన పట్టుదల. సీసా పట్టుకుని వెనక్కి వచ్చాను.

సెప్టెంబరు 8

కోళ్లకు నూకలు వేశాను. ఇల్లు కడిగాను. సంవత్సరీకానికి చుట్టాలు వచ్చి భోంచేసి పోయారు. ఇంకేమీ రాయను ఈరోజు.

సెప్టెంబరు 9

నిన్న మామ నన్ను తిన్నావా అని అడగలేదని కోపం వచ్చింది. ఆయన తినలేదని తర్వాత గుర్తొచ్చింది. నేనూ తినలేదు. ఇద్దరం తినకుండా ఒకే ఇంట్లో, ఎవరి గదిలో వాళ్లం. మంచి పద్ధతి.

అక్టోబరు 5

ఎనిమిదిలో ఐదు మిగిలాయి. పోయిన మూడింటినీ గద్ద తీసుకుపోయింది. ఉన్నవాటిలో ఎర్రది మేటి. ఒళ్లు నిగనిగలాడుతుంది, నడక చూస్తే రాణే. ఇదే నా వంశానికి మూలమని తేల్చుకున్నాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాను. "దీని గుడ్లు ముందే చెప్పిపెట్టుకోండి" అంటున్నాను. ఒకామె నిజంగానే చెప్పిపెట్టుకుంది.

నవంబరు 4

ఈ పొద్దున రాణి కూసింది.

గోడ ఎక్కి, మెడ సాచి, కొక్కొరొకో అని. కొత్త గొంతు, బొంగురు. నేను కొలత టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాను. మూడు నెలలు దాన్ని చేతుల్లో పెట్టుకుని పెంచి, పుంజో పెట్టో తెలుసుకోలేకపోయాను. హుసేనమ్మత్త గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుంది. "మీ రాణికి మీసాలొచ్చినాయి గదే స్వప్నా!"

మామ పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వాడేమో. నీళ్లు ముక్కులోకి పోయి ఉంటాయి.

గుడ్లు చెప్పిపెట్టుకున్నామెకు ఏం చెప్పాలి?

నవంబరు 10

మద్దిలేటన్న మళ్లీ వచ్చాడు. ఈసారి బెల్లం లేదు, నేరుగా విషయమే.

"అయ్యన్న ఇంకా ఎదురుసూస్తాండాడు. ఇప్పుడేం అడ్డం సెప్తావు?"

"పిల్లలు ఇంకా చిన్నవన్నా."

"ఏ పిల్లలు? ఆడ గోడెక్కి కూస్తాండాది, అదా పిల్ల?" అన్నకు విసుగు వచ్చి నోరు జారాడు. "మీ మామ ఊరికే ఫోన్ మింద ఫోన్ సేస్తాండాడు గానీ, నాకేం పనుల్యా?"

"ఎవరు ఫోన్ చేసేది?"

అన్న నాలుక కరుచుకున్నాడు. అయినా చెప్పక తప్పలేదు. జూలైలో వచ్చిందీ, ఇప్పుడు వచ్చిందీ మామ పిలిస్తేనే. అయ్యన్న సంగతి విచారించి చెప్పింది కూడా మామే.

అన్నను సాగనంపి, మామ దగ్గరికి పోయాను. దొరకు కాళ్లకు నూనె రాస్తున్నాడు. ఏడాదిగా దాచిపెట్టిన మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. అందంగా రాలేదు.

"నన్ను పంపించేదానికి మా అన్నకు ఫోన్లు చేస్తివా మామా? ఆ మాట నాతో చెప్పేదానికి నోరు లేదా? కోడితో మాట్లాడతావు, గోడతో మాట్లాడతావు. నేనేం చేస్తిని? పొమ్మని ఒక్క మాట మొగం మీద చెప్పింటే, ఆ పొద్దే పోతుంటిని!"

మామ దొరను కింద దింపాడు. చేతి నుంచి నూనె కారుతోంది. టవల్ తీసుకుని బయటికి పోయాడు.

టీ కొట్టుకు. సాయంత్రం పూట ఎప్పుడూ పోడు.

నవంబరు 11

పెట్టె తీసి బట్టలు సర్దాను. మధ్యాహ్నం మళ్లీ తీశాను, ఇస్త్రీ చేసి సర్దుదామని. ముడతల చీరలతో పుట్టింటికి పోతే బాగుండదు.

నవంబరు 19

వీధిలో కోళ్లు చస్తున్నాయి. కొక్కెర తెగులు. చివరింటి వాళ్లవి అన్నీ పోయాయి. నావి చుక్కలు వేసినవి, తిరుగుతున్నాయి.

దొర పొద్దున్నుంచి మేత ముట్టలేదు.

నవంబరు 20

మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. మామ చేత్తో మెడ నిలబెడుతున్నాడు, వదలగానే వాలిపోతోంది. పశువుల డాక్టరును పిలుచుకొచ్చాను. వచ్చిన తర్వాత మందు లేదమ్మా, రాకముందే వెయ్యాల్సింది అన్నాడు. మామ వినకుండా ఉంటే బాగుండేది. విన్నాడు.

ఆ రోజు సీసా పట్టుకుని ఎందుకు వెనక్కి వచ్చానో. గొడవ పడైనా వేసి ఉండాల్సింది. అప్పుడు మాత్రం మర్యాద పాటించాను.

నవంబరు 21

దొర పోయాడు.

మామ పెరట్లో గుంత తవ్వాడు. నేను నీళ్లు తెచ్చిపెట్టాను. మన్ను కప్పేదాకా బాగానే ఉన్నాడు. పార పక్కన పెట్టి, అక్కడే చతికిలబడి, ఏడ్చాడు. నోరు తెరిచి, గట్టిగా, చిన్నపిల్లోడు ఏడ్చినట్టు. వీరేష్‌ను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఈ మనిషి కంట చుక్క రాలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, లెక్కపెట్టి టీలు తెప్పించాడు. రాతి గుండె అన్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

గోడ అవతల ఎవరో "కోడికింత ఏడుపా?" అన్నారు. హుసేనమ్మత్త వాళ్లను కసిరింది. "మూసుకోండి. కోడికి కాదు."

పోయి మామ పక్కన మట్టిలో కూర్చున్నాను. ఊరడిద్దామనే పోయాను. నాకూ వచ్చేసింది. ఇద్దరం ఒక కోడి గుంత దగ్గర అట్లా ఏడుస్తుంటే ఎర్రపుంజు వచ్చి తవ్విన మట్టిలో పురుగులు ఏరుకు తింది. దానికి తండ్రి, గిండ్రి ఏమీ లేదు.

మామ నా వైపు తిరిగి అన్నాడు. ఏడాది తర్వాత నాతో మొదటి మాట.

"నీతో మాట్లాడితే నువ్వు పోవమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ముసలోడు ఒక్కడే ఉండాడు, ఎట్ల ఇడిసిపెట్టేదని ఆగిపోతావు. ముప్పై ఏండ్లు గూడా నిండలేదు నీకు. అందుకే మాట్లాడకుంటి. కోపమొచ్చి పోతావులే అనుకుంటి."

"కోపం వచ్చింది మామా. పోలేదు."

"అవ్. సూసినా. కోళ్లు పెట్టుకుంటివి." ముక్కు తుడుచుకున్నాడు. "ఆ పెట్టల్ని దొర కాడికి తోలేది నాకు తెల్దనుకున్నావా? టీ తాగేదానికి అంతసేపు ఎవురు కూసుంటారు? ఆ కొట్టోడు రోజూ రెండో టీ పోసిపోసి, నాకు కడుపులో మంట పట్టుకున్యాది."

ఏడుస్తూ ఉండగా నవ్వు వస్తే ముఖం ఎట్లా ఉంటుందో అద్దంలో చూసుకోలేదు. చూడకపోవడమే మంచిది.

నవంబరు 28

మామ మాట్లాడుతున్నాడు. ఆగడం లేదు.

ఏడాది మాటలు బాకీ ఉన్నట్టు మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పు తక్కువ. కోళ్లకు జొన్నలు నానబెట్టి వెయ్యాల. జాకెట్ మిషన్ సద్దు సేస్తాంది, నూనె వెయ్యి. వీరేష్ చిన్నప్పుడు మగ్గం గుంతలో దాక్కుని నిద్రపోతే ఊరంతా వెతికారట. ఆ కథ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ కొత్తగా విన్నాను.

మిషన్ తొక్కుతూ ఒకసారి "మామా, ఒక్క నిమిషం ఊరుకో, కొలత తప్పుతుంది" అన్నాను. ఊరుకున్నాడు. వెంటనే భయమేసి "ఊఁ, చెప్పు" అన్నాను.

డిసెంబరు 9

మామ కోళ్లను పంచుకుందామంటాడు. దొర సంతానం కాబట్టి సగం తనవట. మూడు పెట్టలు, రెండు పుంజులు, సగం ఎట్లా చేస్తావు మామా అంటే, ఎర్రపుంజు నాది, మిగతావి నీవి అన్నాడు. పొద్దున దాని దగ్గర కూర్చుని "దోమలు కుట్టినాయా?" అని అడిగి, వెంటనే నా వైపు తిరిగి "నిన్నుగూడా కుట్టినాయా?" అన్నాడు.

కుట్టాయని చెప్పాను. సాయంత్రం దోమతెర తెచ్చాడు.

డిసెంబరు 14

పెట్ట గుడ్డు పెట్టింది! స్వప్నరాణి మొదటి గుడ్డు. గోలికాయ కంటే కొంచెం పెద్దది. మామ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మొదుటిది గదా, సిన్నగానే ఉంటాది" అన్నాడు. గుడ్లు చెప్పిపెట్టుకున్న జాకెట్లామెకు ఇచ్చాను. ఆమె గుడ్డును చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా పోయింది. మర్యాదస్తురాలు.

డిసెంబరు 20, గోనెగండ్ల

వచ్చాను. ఎవరూ పంపలేదు, ఎవరూ తీసుకురాలేదు. "అమ్మను చూసి వస్తా మామా" అన్నాను. "పో" అన్నాడు. అంతే. ఇంత సులువని తెలియదు.

డిసెంబరు 21

అయ్యన్న వచ్చాడు. మద్దిలేటన్న పిలిచాడు, నేను వద్దనలేదు. మనిషి బాగానే ఉన్నాడు. అదే చిక్కు. ఏదైనా వంక ఉంటే పని తొందరగా తేలేది.

ఏం మాట్లాడాలో తెలియక కోళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆపలేకపోయాను. తులసికోట వెనక దాక్కున్నది, రాణి కూసింది, అన్నీ చెప్పాను. అమ్మ తలుపు వెనక నుంచి దగ్గింది. ఆయన మాత్రం టీ చల్లారిపోయేదాకా విన్నాడు. "అయితే ఇంతకీ పిల్లి వస్తే అవి ఏం జేస్తాయి?" అని అడిగాడు.

"వాటిలో అవే కొట్లాడుకుంటాయి" అన్నాను.

నవ్వాడు. ముందరి పన్ను కొంచెం విరిగి ఉంది.

ఇప్పుడేమీ చెప్పలేనని చెప్పాను. తొందరేమీ లేదన్నాడు. నంబరు అడిగితే నాది ఇవ్వలేదు. హుసేనమ్మత్తది ఇచ్చాను. ఎందుకిచ్చానో దేవుడికే తెలియాలి. ఈపాటికి వీధి మొత్తానికి తెలిసి ఉంటుంది.

డిసెంబరు 22

పొద్దున మామ ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. గట్టిగా అరిచాడు, గోనెగండ్లకు గొంతుతోనే వినిపించాలన్నట్టు.

"నూకలు యాడ పెట్టినావు?"

"అటక మింద, నీలం డబ్బాలో."

"సరే." పెట్టేశాడు.

మధ్యాహ్నం మళ్లీ.

"నల్లపెట్ట మళ్ల గుంతలో కూసునేటట్టుంది. గుడ్లు పెట్టాల్నా, వద్దా?"

"నీ ఇష్టం మామా."

"నా ఇష్టమేంది? సగం నీవి గదా."

"సరే, పెట్టు."

"ఎన్ని?"

"ఎన్నుంటే అన్ని."

"ఊఁ." పెట్టెయ్యలేదు. వెనక ఎర్రపుంజు కూసింది, ఇంకా బొంగురుగానే. ఏదో అడుగుతాడని చూశాను. అడగలేదు. అన్నం తిన్నానన్నాడు. హుసేనమ్మ చారు పంపిందన్నాడు. చారులో చింతపండు ఎక్కువన్నాడు. పోయినవారం చలి ఇంత లేదన్నాడు.

"మామా, ఎల్లుండి వస్తా" అన్నాను.

"నేనడగలేదు గదా" అన్నాడు.

"అవును. అడగలేదు."

"ఏ బస్సు?"